స్ట్రీడా తీరంలో 1588 నాటి ఓడల జాడను ఒడ్డు నుంచి చదవడం ఎలా

ఐర్లాండ్ వాయవ్య తీరంలో, స్లైగో కౌంటీలోని స్ట్రీడా అనే ఇసుక తీరం ముందు, స్పెయిన్ రాజు రెండవ ఫిలిప్ ఇంగ్లండ్ మీదికి పంపిన ఆర్మడా నౌకాదళానికి చెందిన మూడు ఓడలు 1588 సెప్టెంబరులో ఒకే రోజున ముక్కలైపోయాయి. లా లావియా, లా జూలియానా, సాంటా మరియా దె వీసోన్ అన్నవి వాటి పేర్లు. వాటి అవశేషాలు ఇప్పటికీ ఒడ్డుకు దగ్గరలోనే, లోతు తక్కువైన నీటి అడుగున, ఇసుక కప్పుకుని ఉన్నాయి. అయినా ఆ ఒడ్డున మీరు ఎంతసేపు నిలబడినా ఆ మూడు ఓడల తాలూకు చెక్క ముక్క ఒక్కటైనా కంటపడుతుందని ఆశించడానికి లేదు. ఏ సన్నాహమూ లేకుండా వెళ్లినవారికి అది అందమైన బీచ్‌గానే కనిపిస్తుంది. ముందుగా చదువుకుని, పటం చూసుకుని, పోటుపాట్ల లెక్క తెలుసుకుని వెళ్లినవారికి మాత్రం ఆ ఓడలు అక్కడే ఎందుకు చిక్కుకున్నాయో, ఎందుకు తప్పించుకోలేకపోయాయో ఆ నేలే చెబుతుంది. ఆ సన్నాహం ఎలా చేసుకోవాలో, అక్కడికి చేరాక ఏం చూడాలో, ఏం చేయకూడదో ఇక్కడ వరుసగా వివరిస్తున్నాను.

ఉద్యోగాల కోసమో చదువుల కోసమో డబ్లిన్‌లోనో గాల్వేలోనో ఉంటున్న తెలుగువారు దీన్ని వారాంతపు ప్రయాణంగా పెట్టుకోవచ్చు. తీరం చూడడానికి ఒక్క రోజు చాలు. చదవడానికి మాత్రం అంతకు ముందు కొన్ని సాయంత్రాలు కేటాయించండి, ఎందుకంటే ఈ పనిలో ముప్పాతిక వంతు ఇంట్లో కూర్చుని చేసేదే.

ముందుగా తెలుసుకోవలసింది: ఓడలు అక్కడికి ఎందుకు వచ్చాయి

ఆర్మడాలో దాదాపు 130 ఓడలున్నాయి. 1588 ఆగస్టు 7 రాత్రి ఆ దళం ఫ్రాన్స్‌లోని కాలే రేవు ఎదుట లంగరు వేసి ఉండగా, ఇంగ్లీషువారు ఎనిమిది పాత ఓడలకు నిప్పుపెట్టి వాటి మీదికి వదిలారు. ఆ మంటల ఓడలు దగ్గరపడుతుంటే లంగరు పైకి లాగుకునే వ్యవధి ఎవరికీ లేకపోయింది. చాలా ఓడలవారు లంగరు మోకులను గొడ్డళ్లతో నరికేసి బయటపడ్డారు. ఆ రాత్రికి అందరూ ప్రాణాలతో మిగిలారు గానీ, వారి బరువైన మంచి లంగర్లు కాలే ఎదుట సముద్రం అడుగునే ఉండిపోయాయి. ఈ ఒక్క విషయాన్ని గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఏడు వారాల తర్వాత స్ట్రీడా ముందు జరిగినదానికి సగం కారణం ఇదే.

మర్నాడు గ్రావ్‌లిన్ వద్ద జరిగిన పోరు తర్వాత, వచ్చిన దారినే వెనక్కి వెళ్లే వీలు లేక, సేనాధిపతి మెదీనా సిదోనియా దళాన్ని ఉత్తరంగా నడిపించి, స్కాట్లండ్‌ను చుట్టి, అట్లాంటిక్ మీదుగా స్పెయిన్ చేరాలని నిశ్చయించాడు. ఐర్లాండ్ తీరానికి చేరువగా పోవద్దని, అక్కడ ప్రమాదం పొంచి ఉందని ఓడలకు ఇచ్చిన ఆదేశంలో స్పష్టంగానే ఉంది. అయితే ఆ కాలంలో ఓడ ఎంత ఉత్తరాన ఉందో కొలవగలిగేవారు గానీ, ఎంత పడమరకు వచ్చిందో కొలిచే సాధనం ఎవరి దగ్గరా లేదు. అట్లాంటిక్ ప్రవాహం తమను నిత్యం తూర్పుకు నెడుతోందన్న లెక్క వారికి అందలేదు. తీరానికి ఎంతో దూరంలో ఉన్నామనుకుని దక్షిణానికి తిరిగిన ఓడలు ఐర్లాండ్ పడమటి ఒడ్డు మీదికే వచ్చిపడ్డాయి. ఆ శరత్తులో ఆ దేశపు తీరంలో దాదాపు రెండు డజన్ల ఓడలు నాశనమయ్యాయి.

స్ట్రీడాలో పోయిన మూడూ లెవాంట్ దళానివి, అంటే మధ్యధరా సముద్రంలో వర్తకం చేసే పెద్ద ఓడలను తీసుకుని యుద్ధానికి సిద్ధం చేసినవి. లా లావియా వెనిస్ ఓడ, ఆ దళానికి ఉపనాయక నౌక. లా జూలియానాను బార్సిలోనా ప్రాంతంలో కట్టారు. మూడోది రగూసా నగరానికి, అంటే నేటి దుబ్రోవ్నిక్‌కు చెందినది. సరుకు ఎక్కువగా పట్టేలా, మధ్యధరా అలలకు సరిపడేలా చేసిన వాటి కట్టడం అట్లాంటిక్ తుపానుల తాకిడికి ఆగలేదని పురావస్తు శాస్త్రజ్ఞులు వివరిస్తారు. నాకైతే లంగర్ల వాదమే ఇంకా బలంగా తోస్తుంది, ఎందుకంటే నాలుగు రోజుల పాటు ఆ ఓడలు స్ట్రీడా ముందు నిలిచే ఉన్నాయి. ఐదో రోజున నిలవలేకపోయాయి.

రెండు పత్రాలను పక్కపక్కన పెట్టి చదవండి

ఈ ఘటన గురించి చదవదగినవి చాలానే ఉన్నా, మొదట చదవవలసినవి రెండే. ఒకటి ఫ్రాన్సిస్కో దె క్వేయార్ అనే స్పెయిన్ కెప్టెన్ 1589 అక్టోబరు 4న ఆంట్‌వెర్ప్ నుంచి రాసిన ఉత్తరం. రెండోది ఐర్లాండ్‌లోని ఇంగ్లీషు అధికారి జెఫ్రీ ఫెంటన్ పంపిన నివేదిక. క్వేయార్ ఉత్తరానికి ఇంగ్లీషు అనువాదాలు అంతర్జాలంలో ఉచితంగా దొరుకుతాయి, దాన్ని ఒక్క కూర్చున్నపాటున చదివేయవచ్చు.

క్వేయార్ లా లావియాలో ఎలా ఉన్నాడన్నదే ఒక కథ. అతడు సాన్ పెద్రో అనే మరో ఓడకు కెప్టెన్. తాను నిద్రలో ఉండగా తన ఓడను వరుస దాటించి ముందుకు నడిపారన్న నేరానికి అతడికి మరణశిక్ష పడింది. దళపు న్యాయాధికారి మార్తిన్ దె అరాందా ఆ శిక్షను అమలు చేయడానికి ఒప్పుకోక, అతడిని తానున్న లా లావియాలోనే ఉంచుకున్నాడు. తుపాను వచ్చినప్పుడు ఇద్దరూ ఆ ఓడ మీదే ఉన్నారు.

ఉత్తరం చదువుతూ నాలుగు వివరాలను విడిగా కాగితం మీద రాసుకోండి. ఒకటి, ఓడలు ఒడ్డుకు అర లీగు పైగా, అంటే రెండు మూడు కిలోమీటర్ల దూరంలో లంగరు వేశాయి. రెండు, నాలుగు రోజులు అక్కడే ఉన్నాక ఐదో రోజున పక్క నుంచి పెద్ద గాలి లేచింది. లంగరు మోకులు ఆగలేదు, తెరచాపలు పనికిరాలేదు. మూడు, అవి కొట్టుకొచ్చి పడిన చోటు సన్నని ఇసుక నేల, దానికి అటూ ఇటూ పెద్ద పెద్ద రాళ్లు. నాలుగు, ఒక్క గంటలో మూడు ఓడలూ తునాతునకలైపోయాయి, మూడు వందల మంది కూడా బయటపడలేదు, వెయ్యికి పైగా మునిగిపోయారు. వీటిలో మూడోదాన్ని మీరు మీ కళ్లతోనే సరిచూసుకోగలరు. ఒడ్డున మీకు ఎక్కువగా పనికొచ్చేదీ అదే.

క్వేయార్‌కు ఈత రాదు. బల్లంత పెద్దదైన ఓడ తలుపు చెక్క ఒకటి దొరికితే దాన్ని పట్టుకుని నీళ్లలోకి దిగాడు. అరాందాను కూడా దాని మీదికి ఎక్కించుకోబోయాడు గానీ, బట్టల్లో బంగారు నాణేలు కుట్టుకుని ఉన్న ఆ న్యాయాధికారిని ఒక కెరటం వచ్చి ఊడ్చుకుపోయింది. ఓడ పడవలో దాక్కుని, పై మూత బిగించుకుని ఒడ్డు చేరాలనుకున్న దోన్ దియెగో ఎన్రీకెస్ అనే ప్రభువు గురించి కూడా అందులో ఉంది. మునుగుతున్నవారు డెబ్బై మందికి పైగా ఆ పడవ మీదికి దూకడంతో అది తిరగబడింది. లోపలివారు బయటికి రాలేక అందులోనే ఉండిపోయారు.

ఇప్పుడు ఫెంటన్ నివేదికను చూడండి. ఐదు మైళ్ల కన్నా తక్కువ పొడవున్న ఒక తీరంలో పదకొండు వందలకు పైగా శవాలను తాను లెక్కపెట్టానని అతడు రాశాడు. తర్వాత అదే తీరం మీదుగా వెళ్లిన రాజప్రతినిధి విలియం ఫిట్జ్‌విలియం, ఒడ్డున పడి ఉన్న కలపతో, పడవలతో, మోకులతో పెద్ద ఓడలే కట్టవచ్చని అర్థం వచ్చేలా రాశాడు. శత్రుపక్షాలకు చెందిన ఇద్దరు మనుషులు, ఒకరి రాత ఒకరికి తెలియకుండా, దాదాపు ఒకే సంఖ్యను చెప్పడం ఈ ఘటనను నమ్మడానికి గట్టి ఆధారం. అయినా ఇద్దరినీ పూర్తిగా నమ్మకండి. ఫెంటన్ తన ప్రభుత్వానికి విజయవార్త పంపుతున్నాడు. క్వేయార్ తన కష్టాలను చెప్పుకుంటున్నాడు. స్థానిక ఐరిష్ ప్రజలను అతడు ఉత్తరం పొడవునా అనాగరికులని పిలుస్తాడు. కానీ అతడిని దాచిపెట్టి, గాయాలకు కట్లు కట్టి, తిండి పెట్టి బతికించిన వారు ఆ ప్రజల్లోనివారే.

తేదీల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. స్పెయిన్ 1582లోనే గ్రెగరీ క్యాలెండర్‌కు మారింది. ఇంగ్లండ్ 1752 దాకా పాత క్యాలెండర్‌నే పట్టుకుని ఉంది. 1588లో ఆ రెండింటి మధ్య తేడా పది రోజులు. స్ట్రీడా ఘటనకు సాధారణంగా చెప్పే సెప్టెంబరు 25 కొత్త లెక్క ప్రకారం వచ్చేది. ఇంగ్లీషు పత్రాల్లో అదే రోజు సెప్టెంబరు 15 అవుతుంది. ఈ తేడాను పక్కన రాసుకోకపోతే, ఓడలు పగలడానికి ముందే శవాలు కనిపించినట్టు మీ లెక్క తేలుతుంది.

పటం సిద్ధం చేసుకోవడం

ఐర్లాండ్ ప్రభుత్వపు జాతీయ స్మారక చిహ్నాల విభాగం 2018లో రెక్ వ్యూయర్ అనే ఉచిత ఆన్‌లైన్ పటాన్ని అందుబాటులోకి తెచ్చింది. ఆ దేశపు సముద్ర జలాల్లో మునిగిన ఓడల జాబితాలో దాదాపు 18,000 నమోదులున్నా, స్థానం కచ్చితంగా తెలిసి పటం మీద చుక్కలుగా కనిపించేవి అందులో నాలుగో వంతు కూడా ఉండవు. కాబట్టి పటం మీద ఖాళీగా ఉన్న చోట ఏమీ మునగలేదని అనుకోవద్దు. స్లైగో తీరం మీదికి పటాన్ని దగ్గరగా తెచ్చి, స్ట్రీడా చుట్టుపక్కల చుక్కలను ఒక్కొక్కటిగా తెరిచి, ఓడ పేరు, మునిగిన సంవత్సరం, రకం రాసుకోండి.

ఆ తర్వాత సముద్రపు అడుగు కోసం ఇన్‌ఫోమార్ పటాన్ని తెరవండి. భూగర్భ సర్వే సంస్థ, మెరైన్ ఇన్‌స్టిట్యూట్ కలిసి 2006 నుంచి సాగిస్తున్న కొలతల పథకం ఇది. డొనెగాల్ అఖాతం దక్షిణపు ఒడ్డున నీరు ఎలా పలుచబడుతుందో అందులో చూడవచ్చు.

చివరగా మామూలు పటం ఒకటి కాగితం మీద ముద్రించుకుని, దాని మీద మూడు గుర్తులు పెట్టండి. స్ట్రీడా, దానికి పడమరగా దాదాపు 95 కిలోమీటర్ల దూరంలో మేయో కౌంటీ కొసన ఉన్న ఎరిస్ హెడ్, ఉత్తరాన డొనెగాల్‌లోని స్లీవ్ లీగ్ కొండలు. స్పెయిన్ వైపు వెళ్లాలనుకున్న ఓడ ఎరిస్ హెడ్‌ను దాటి తీరాలి. గాలి పడమటి నుంచి వీస్తుంటే, చదరపు తెరచాపల బరువైన ఓడ ఆ గాలికి ఎదురెక్కి అంత దూరం పోలేదు. ఉత్తరాన కొండలు, దక్షిణాన, తూర్పున నేల. గాలి తోసే వైపంతా ఒడ్డే. ఆ మూడు గుర్తులను గీతలతో కలిపి చూస్తే, ఆ అఖాతంలోకి అడుగుపెట్టిన ఓడకు లంగరు తప్ప మరో ఆధారం లేదని తెలిసిపోతుంది. ఆ లంగర్లేమో కాలేలో ఉన్నాయి.

రోజు, వేళ నిర్ణయించుకోవడం

స్ట్రీడాకు పాటు వేళలోనే, అంటే సముద్రపు నీరు వెనక్కి తగ్గినప్పుడే వెళ్లండి. నీరు బాగా వెనక్కి తగ్గేది అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజుల్లో. మన ఇళ్లలో గోడకు వేలాడే తెలుగు క్యాలెండర్ ఈ పనికి చక్కగా సరిపోతుంది. భారత కాలమానానికి, ఐర్లాండ్ కాలమానానికి ఉన్న కొన్ని గంటల తేడా ఇక్కడ లెక్కలోకి రాదు. ఐర్లాండ్ పడమటి తీరంలో ఒక సౌకర్యం ఉంది: అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీరు అట్టడుగుకు తగ్గే వేళ సాధారణంగా మధ్యాహ్నం దరిదాపుల్లోనే పడుతుంది, అందువల్ల పట్టపగలే చూసి రావచ్చు. అయినా కచ్చితమైన వేళను స్లైగో లేదా గాల్వే పోటుపాట్ల పట్టికలో చూసుకోవలసిందే. కొన్ని పట్టికలు గ్రీనిచ్ కాలంలోనే ఉంటాయి. వేసవి కాలంలో వాటికి ఒక గంట కలుపుకోవాలి. పాటు వేళకు కనీసం గంటన్నర ముందు తీరం చేరి, నీరు తిరిగి ఎక్కడం మొదలయ్యాక వెనుదిరగండి.

ఐర్లాండ్ వాతావరణ సంస్థ మెట్ ఏరన్ ఇచ్చే సముద్ర సూచనలో ఎరిస్ హెడ్, రోసన్ పాయింట్ అన్న పేర్లు వస్తాయి. స్ట్రీడా ఆ రెంటి మధ్యలో ఉంది. గాలి పడమర లేదా వాయవ్యం నుంచి గట్టిగా ఉన్న రోజున వెళితే కెరటాల స్వభావం అర్థమవుతుంది గానీ, అలాంటి రోజున నీటి అంచుకు పోకూడదు. తుపాను హెచ్చరిక ఉంటే ప్రయాణమే మానుకోండి. శీతాకాలపు తుపానులు వెళ్లిపోయిన తర్వాతి వారాల్లో ఇసుక మట్టం తగ్గి ఉంటుంది కాబట్టి, మార్చి, ఏప్రిల్ నెలలు చూడడానికి అనువైనవి.

వెళ్లడం

డబ్లిన్ కొనొలీ స్టేషన్ నుంచి స్లైగోకు నేరుగా రైలుంది, మూడు గంటల పైచిలుకు ప్రయాణం. స్లైగో నుంచి డొనెగాల్ వైపు పోయే బస్సు గ్రేంజ్ అనే చిన్న ఊళ్లో ఆగుతుంది. అక్కడి నుంచి తీరం మూడు నాలుగు కిలోమీటర్లు. గ్రేంజ్‌లోని పాత కోర్టు భవనంలో ఆర్మడా సందర్శక కేంద్రం ఉంది. దాన్ని తీరం కన్నా ముందే చూడండి. అది అన్ని రోజులూ తెరిచి ఉండకపోవచ్చు కాబట్టి వేళలు ముందుగా కనుక్కోండి. స్ట్రీడాలో మృతులైనవారి స్మరణార్థం ఈ ఊరివారు ఏటా సెప్టెంబరులో కార్యక్రమాలు జరుపుతారు.

ఒడ్డున నిలబడి చూడవలసినవి

తీరం దాదాపు మూడు కిలోమీటర్ల పొడవున ఉంది. ముందు అట్లాంటిక్, వెనుక పోటు వేళ నిండే ఉప్పునీటి పల్లం, మధ్యలో ఇసుక దిబ్బల వరుస. మొదట 1988లో నెలకొల్పిన రాతి స్మారకం దగ్గర ఆగి, అక్కడి నుంచి తీరం మొత్తాన్ని ఒకసారి కలయజూడండి. తర్వాత ఇసుక మీదికి దిగి మధ్య దాకా నడిచి, సముద్రం వైపు తిరిగి నిలబడండి. ఉత్తరాన స్లీవ్ లీగ్ నల్లని గోడలా ఉంటుంది. ఎడమ వైపు సముద్రంలో ఇనిష్‌మరీ అనే చదునైన ద్వీపం కనిపిస్తుంది. వెనక్కి తిరిగితే బెన్ బల్బెన్ కొండ.

ఇప్పుడు క్వేయార్ మాటను సరిచూడండి. కాళ్ల కింద సన్నని ఇసుక. తీరం కొసల వైపు చూస్తే, కెరటాలు తెల్లగా విరిగే రాళ్లు. నాలుగు శతాబ్దాల కిందట నీళ్లలోంచి నెత్తుటి కాళ్లతో పాకుతూ వచ్చిన మనిషి రాసిన వర్ణన ఇప్పటికీ సరిపోతుంది. తర్వాత కెరటాలను ఓపికగా గమనించండి. అవి ఒడ్డుకు చాలా దూరంలోనే ఒకసారి విరిగి, మళ్లీ లేచి, ఇంకా దగ్గరకు వచ్చి విరుగుతాయి. మొదట విరిగే చోట అడుగు పలుచగా ఉందని అర్థం. నీటిలోకి లోతుగా దిగే పెద్ద ఓడ అక్కడే నేలకు తగులుకుంటుంది, ఆ వెనుక వచ్చే ప్రతి కెరటమూ దాన్ని ఆ నేలకేసి మోదుతుంది. ఒడ్డు కళ్లెదుటే ఉన్నా నడిచి రాలేని దూరం అది. ఒక్క గంటలో మూడు ఓడలూ ఎలా పగిలిపోయాయన్న ప్రశ్నకు జవాబు కోసం మరెక్కడికీ వెళ్లనక్కర్లేదు.

పాటు బాగా తగ్గి, ఇసుక మట్టం కూడా కిందికి ఉన్న రోజున, తీరంలో ఒకచోట ఓడ పక్కటెముకల్లాంటి పాత దూలాలు వరుసగా బయటపడతాయి. వాటిని చూసి ఆర్మడా ఓడ దొరికిందని సంబరపడతారు చాలామంది. స్థానికులు బటర్ బోట్ అని పిలిచే ఆ ఓడ ఆర్మడాది కాదు, దాదాపు రెండు శతాబ్దాల తర్వాతది. కలప వయస్సును, పాత పత్రాలను కలిపి పరిశోధించినవారు అది 1747లో కట్టిన, ఇంగ్లండ్‌లోని విట్బీ రేవుకు చెందిన గ్రేహౌండ్ అనే వర్తక ఓడ అని, 1770 డిసెంబరులో ఇక్కడ పగిలిందని తేల్చారు. మేయో తీరం దగ్గర ఆపదలో పడిన ఆ ఓడను సిబ్బంది వదిలి బయటపడ్డారు. తీరా చూస్తే పనికుర్రవాడొకడు లోపలే ఉండిపోయాడు. వాడిని కాపాడటానికి సిబ్బందిలో కొందరు, ఆ ఊరి మనుషులు కొందరు తిరిగి ఓడ ఎక్కారు. ఇంతలో లేచిన పెనుగాలి ఓడను అందరితో సహా ఈ తీరానికి తరుముకొచ్చింది. ఇరవై మంది చనిపోయారు. ఆర్మడా కథకున్న పేరు దీనికి లేదు గానీ, నా మటుకు నాకు ఈ తీరంలో ఎక్కువసేపు నిలబెట్టేది ఆ దూలాలే.

ఆ దూలాల దగ్గరికి వెళ్లవచ్చు, ఫోటో తీయవచ్చు. వాటి మీద నిలబడకూడదు, చుట్టూ ఇసుక తవ్వకూడదు, చిన్న పెచ్చు కూడా విరవకూడదు. పిల్లలు వెంట ఉంటే ఈ మాట దిగకముందే చెప్పండి. ఫోటో తీసేటప్పుడు కొలత తెలియడానికి పక్కన నీళ్ల సీసా లాంటిది ఏదైనా పెట్టి, అదే చోటును మూడు వైపుల నుంచి తీసి, తేదీ, వేళ రాసుకోండి. ఇసుక ఏటికేడు కదులుతుంది కాబట్టి అలాంటి ఫోటోలకు విలువ ఉంటుంది.

స్ట్రీడా కొసన ఉన్న సున్నపురాతి బండల్లో కోట్ల ఏళ్ల నాటి పగడాల శిలాజాలు తెల్లని గొట్టాల్లా పొదిగి కనిపిస్తాయి. అవి ఓడల సంగతి కాకపోయినా, చూడకుండా రావద్దు. ఇసుక దిబ్బలు రక్షిత ప్రాంతం, ఉన్న కాలిబాటను వదిలి గడ్డి మీద నడవకండి. వెనుక పల్లంలోని బురదలోకి దిగకండి. ఈ తీరంలో లోపలికి లాగే ప్రవాహాలున్నాయి, ఈతకు ఇది చోటు కాదు. ప్రమాదం ఎదురైతే 112 లేదా 999 నంబరుకు ఫోన్ చేసి తీర రక్షక దళాన్ని అడగండి.

పాతదేదైనా కంటపడితే

తుపాను తర్వాత కొట్టుకొచ్చిన వస్తువు మీ కంటపడడం అసాధ్యమేమీ కాదు. 2015 వసంతంలో ఈ ఒడ్డుకు కొట్టుకొచ్చిన కలపను స్థానికులు గుర్తించి అధికారులకు చెప్పడం వల్లనే లా జూలియానా అవశేషాలు బయటపడ్డాయని తెలిసింది. ఆ వేసవిలో ప్రభుత్వ పురావస్తు గజఈతగాళ్లు దిగి తొమ్మిది కంచు ఫిరంగులను, ఒక పెద్ద వంట కాగును పైకి తెచ్చారు. ఒక ఫిరంగి మీద 1570 అన్న సంవత్సరం, బార్సిలోనాలో కొలిచే పునీత మట్రోనా బొమ్మ ఉన్నాయి. అది లా జూలియానాయేనని తేల్చడానికి ఆ బొమ్మే సాక్ష్యమైంది. వస్తువును ఎవరో ఇంటికి పట్టుకుపోయి ఉంటే ఈ గొలుసు మొదటి లంకె దగ్గరే తెగిపోయేది.

కాబట్టి కనిపించినదాన్ని కదపకండి. ఫోటో తీసి, ఫోన్‌లో స్థానం గుర్తించి, స్థానిక పోలీసు స్టేషన్‌కు, జాతీయ స్మారక చిహ్నాల విభాగానికి లేదా జాతీయ మ్యూజియానికి అదే రోజు చెప్పండి. 1987 చట్టం నూరేళ్లు దాటిన ప్రతి ఓడ శిథిలానికీ రక్షణ కల్పించింది. అనుమతి లేకుండా దాని మీదికి ఈత సామగ్రితో దిగడం నేరం. పురాతన వస్తువుల కోసం అనుమతి లేకుండా మెటల్ డిటెక్టర్‌తో వెతకడం కూడా నేరమే. అదే చట్టం సమాచారం ఇవ్వడానికి నాలుగు రోజుల గడువు పెట్టింది. 2023లో చేసిన కొత్త చట్టం దశలవారీగా అమల్లోకి వస్తోంది కాబట్టి, గడువు ఎంతన్నది ఆలోచించకుండా వెంటనే చెప్పడమే క్షేమం. స్ట్రీడాలో ఈ ఓడలను మొదట 1985లో కనిపెట్టింది ఔత్సాహిక గజఈతగాళ్ల బృందం ఒకటి. వాటి మీద హక్కు ఎవరిదన్న వ్యాజ్యం ఆ తర్వాత ఐర్లాండ్ సుప్రీం కోర్టు దాకా వెళ్లింది.

సాయంత్రం మిగిలితే

క్వేయార్ తప్పించుకున్న దారిని గుర్తులు పెట్టి కాలిబాటగా తీర్చారు. దాని మొదటి మజిలీ స్టాడ్ ఆబీ, సముద్రం కొద్దికొద్దిగా కోసుకుపోతున్న గట్టు మీద మిగిలిన చిన్న రాతి కట్టడం. ఆశ్రయం కోసం అక్కడికి చేరిన క్వేయార్‌కు లోపల ఉరితీసి వేలాడదీసిన పన్నెండు మంది స్పెయిన్ సైనికులు కనిపించారు. చుట్టూ పొలాలున్నాయి. తెరిచిన గేట్లను తిరిగి మూయండి, పశువులున్న పొలంలోకి వెళ్లకండి. అక్కడి నుంచి అతడు ఓరూర్క్ ప్రభువు నేల మీదుగా మెల్విన్ సరస్సులోని రోస్‌క్లోహర్ కోటకు చేరాడు. ఆ కోట ముట్టడిని పదిహేడు రోజులు తట్టుకున్నామని ఉత్తరంలో గర్వంగానే చెప్పుకున్నాడు. సరస్సు ఒడ్డు నుంచి ఆ కోట శిథిలం కనిపిస్తుంది. కారు ఉంటే తప్ప అదే రోజున అక్కడికి వెళ్లాలనుకోవద్దు.

స్ట్రీడా నుంచి తీసిన వస్తువులు జాతీయ మ్యూజియం సంరక్షణలో ఉన్నాయి. ఇప్పుడు ఏవి ప్రదర్శనలో ఉన్నాయో బయలుదేరే ముందే అడిగి తెలుసుకోండి. ఆర్మడా వస్తువులను ఎక్కువగా చూడాలంటే ఉత్తరానికి వెళ్లాలి. డొనెగాల్‌లోని కినగో అఖాతంలో పోయిన లా త్రినిదాద్ వలెన్సేరా శిథిలాలను 1971లో డెరీ నగరపు గజఈత సంఘం కనిపెట్టింది. వాటిని ఆ నగరంలోని టవర్ మ్యూజియంలో చూడవచ్చు. ఆంట్రిమ్ తీరంలో పగిలిన హిరోనా ఓడ నుంచి తీసిన బంగారు నగలు, వాటిలో కెంపులు పొదిగిన సాలమాండర్ పతకం, బెల్‌ఫాస్ట్‌లోని అల్‌స్టర్ మ్యూజియంలో ఉన్నాయి. ఆ మ్యూజియానికి ప్రవేశ రుసుము లేదు, సోమవారాలు మూసి ఉంటుంది. ఆ రెండు నగరాలూ బ్రిటన్ పాలనలోని ఉత్తర ఐర్లాండ్‌లో ఉన్నాయి. దారిలో సరిహద్దు గేటు ఏదీ కనిపించకపోయినా, భారతీయ పాస్‌పోర్టు మీద ఉన్నవారు తమ వీసా అక్కడ చెల్లుతుందో లేదో చూసుకున్నాకే టికెట్ కొనుక్కోవాలి.